వెళ్లిపోతామన్న వాళ్లు

అమ్మాన్,
జనవరి

చెల్లి ఫిద్దాకు,

ఈ ఉత్తరం టమాటాల లారీ నడిపే అబూ ఉమైర్ చేతికిస్తున్నాను. జవాబు కూడా అతనికే ఇవ్వు, సంత నుంచి తిరిగి వెళ్లేటప్పుడు మా వీధి చివర మసాలా కొట్లో పెట్టి వెళ్తానన్నాడు. ఫోన్ చేద్దామంటే మీ గుడారంలో ఉన్న ఒక్క ఫోనూ మీ మామగారి జేబులో ఉంటుంది. ఆయనకు చెవి మందం కాబట్టి స్పీకర్ పెట్టి వింటారు. నేను చెప్పింది పక్క గుడారాలకు కూడా చేరుతుంది. ఇది అందరూ వినే సంగతి కాదు.

మా విభాగం పని నీకు కొంత తెలుసు. సరిహద్దు దాటి వచ్చినవాళ్లు ఎక్కడ కుదురుకున్నారు, ఏం పని చేస్తున్నారు, పిల్లలు బడికి వెళ్తున్నారా అని అడిగి, లెక్క కట్టి పైకి పంపుతాం. ఇన్నాళ్లూ ఆ నివేదికలు బీరువాల్లో పడి ఉండేవి. ఈసారి అలా కాదు. ఘోర్ లోయ తోటల్లో గుడారాలు వేసుకున్న మీ అందరి పర్మిట్లు వసంతంలో ముగుస్తాయి కదా. వాటిని కొనసాగించాలా వద్దా అన్నది మా సర్వే చూసి తేలుస్తామని పైవాళ్లు కాగితం మీద రాసిచ్చారు.

ప్రశ్నలు నేనే రాశాను. అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటుంది: 'ఇక్కడ ఎంతకాలం ఉండాలనుకుంటున్నారు?' దాన్ని చేర్చడానికి చాలా వాదించాల్సి వచ్చింది. ఇంతవరకు మీ గురించి అందరూ మాట్లాడారు, మీకేం కావాలో మిమ్మల్నే అడగాలని ఎవరికీ తోచలేదు. ఈ ఉద్యోగంలో చేరాక నాకు తృప్తినిచ్చిన పని ఇదొక్కటే.

ఒక సంగతి గుర్తుంచుకో. సర్వే చేసే చోట బంధువులుంటే ముందే చెప్పాలని మాకు నియమం. నేను చెప్పలేదు. చెబితే ఈ పని ఇంకొకరికిచ్చేవారు, వాళ్లకి మీ గుడారం ఎలా ఉంటుందో కూడా తెలియదు. ఎవరైనా వస్తే నా పేరు ఎత్తకు. మా అమ్మా, మీ అమ్మా అక్కాచెల్లెళ్లని ఆ కాగితంలో ఎక్కడా అడగరులే.

మీ అబ్బాయి షాహెర్‌కి ఊలు మేజోళ్లు పంపుతున్నాను. వాడి కాలి కొలత తెలియక అంచనాగా కొన్నాను.

ముంతహా


ఘోర్,
జనవరి

అక్కా,

మేజోళ్లు అందాయి. షాహెర్‌కి మడమ దాకా కూడా రాలేదు. నేను తొడుక్కున్నాను. వెచ్చగా ఉన్నాయి.

మీ ఆఫీసు అమ్మాయి సర్వేకి వచ్చి వెళ్లింది. తెల్ల బూట్లు వేసుకుని వచ్చింది పాపం. వంకాయ మడికి ముందురోజే నీళ్లు పెట్టాం. గట్టు మీద నడవమ్మా అని అరుస్తూనే ఉన్నాను, ఆ పిల్ల చేను మధ్యనుంచే నడిచింది. ఒక బూటు బురదలో ఉండిపోయింది. షాహెర్ తవ్వి తీసిచ్చాడు. మామ తన చెప్పులిచ్చి కూర్చోబెట్టాడు. కాఫీ తానే కాచాడు. పండక్కని దాచిన యాలకులన్నీ అందులోనే పోశాడు.

నేను ఆడవాళ్ల వైపు తెర వెనక కూర్చుని అంతా విన్నాను.

"మీకు ఇక్కడ ఏమైనా ఇబ్బందులున్నాయా, పెద్దాయనా?"

"దేవుడి దయ. ఏ లోటూ లేదు తల్లీ."

అప్పుడే గుడారం కప్పు నుంచి నీటిబొట్టు ఆమె కాగితం మీద పడింది.

"పైనుంచి కారుతున్నట్టుందే."

"ఎప్పుడైనా. గాలి ఆడుతుంది, మంచిదే."

"తిండికి సరిపోతోందా?"

"తిని చూడు, నీకే తెలుస్తుంది," అని రొట్టె, నూనె ఆమె ముందుకు తోశాడు. మాకు రాత్రికని ఉంచిన రొట్టె అది.

తర్వాత నీ ప్రశ్న అడిగింది. ఎంతకాలం ఉంటారని. మామ మొహం నువ్వు చూసి ఉండాల్సింది. ఇంటికొచ్చిన చుట్టాన్ని ఎప్పుడు పోతావని అడుగుతామా అక్కా? పెద్దమ్మ బతికి ఉంటే నీ చెవి మెలిపెట్టేది. అంత చదువు చదివి నువ్వు రాసిన ప్రశ్న ఇదా? మామ మాత్రం తడబడలేదు. "మీకు చాలా బరువయ్యాం తల్లీ. ఈ కోత అవగానే వెళ్లిపోతాం," అని ఆగాడు. ఎందుకు ఆగాడో నీకు వేరే చెప్పాలా. ఆ పిల్ల అది రాసుకుని, కింది ప్రశ్నకి వెళ్లిపోయింది.

ఆమె వెళ్లింది మొదలు మామ గొణుగుతూనే ఉన్నాడు. "ఉండండి అని ఒక్క మాట అనలేదు. మాటవరసకి కూడా అనలేదు. ఈ కాలం పిల్లలకి పెంపకం ఏది?"

పక్క గుడారం ఉమ్ వస్ఫీ వచ్చి అంతకన్నా నవ్వించింది. "నేను కోత దాకా కూడా పోలేదమ్మా. రేపే వెళ్లిపోతామన్నా. తలూపి, 'రేపు' అని రాసుకుంది."

నవ్వులకేంగానీ, నా సంగతి నీకు తెలియాలి. షాహెర్‌కి ఈ వేసవిలో పద్దెనిమిది నిండుతాయి. మొన్న ఊరెళ్లిన వాళ్లు చెప్పారు, సరిహద్దు గేటు దగ్గర అవతలి సైనికులు బస్సులెక్కి పేర్లు పిలుస్తున్నారట. వయసొచ్చిన వాడిని అక్కడికక్కడే దించి పటాలానికి తోలుతున్నారు. వాడి నాన్నని ఒక బస్సులోంచి దించడం నేను చూశాను. మళ్లీ చూడలేను. నాకు గుడారం కారినా, కూలి తగ్గినా ఫర్వాలేదు. వాడు ఆ గేటు దాటకూడదు. నీ ప్రశ్నకి నా జవాబు అది. ఆ పిల్ల తెర వెనక్కి రాలేదు, నన్నడగలేదు.

ఫిద్దా


అమ్మాన్,
ఫిబ్రవరి

ఫిద్దా,

నీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు ఉమ్ వస్ఫీ మాటకి పైకే నవ్వాను. ఆఫీసులో లెక్కలు తయారయ్యాక మళ్లీ తీసి చదివాను. అప్పుడు నవ్వు రాలేదు.

లోయ అంతటా మీ మామగారి జవాబే. కోత అవగానే వెళ్లిపోతాం. పట్టికలో ఆ ఒక్క గడిలోనే అంకె ఉంది, మిగతావి దాదాపు ఖాళీ. మా అధికారి డాక్టర్ దైఫుల్లా గారు ఆ కాగితాన్ని చేత్తో పట్టుకుని కింది అంతస్తులో వాళ్లకి కూడా చూపించి వచ్చారు. ఇంత స్పష్టమైన ఫలితం మా విభాగానికి ఎప్పుడూ రాలేదు.

నేను ఆయన గదికి వెళ్లాను.

"డాక్టర్, ఇది మర్యాదకి అన్న మాట. చుట్టం వెళ్తానంటాడు, ఇంటివాడు ఉండమంటాడు. మనం మన మాట అనకుండా వాళ్ల మాట మాత్రం రాసుకొచ్చాం."

"నీకెలా తెలుసు?"

నీ పేరు నోటిదాకా వచ్చింది. "మా అమ్మది హౌరాన్, వాళ్ల ప్రాంతమే," అన్నాను.

"మా అమ్మది కరక్ పక్క పల్లె. అక్కడ గొర్రెని కోసేదాకా చుట్టం వెళ్తానంటూనే ఉంటాడు, కోశాక తిని లేవలేక ఉండిపోతాడు." ఆయన నవ్వారు. "మర్యాద నాకు తెలియదనుకోకు అమ్మాయ్. ఈ కాగితంలో మర్యాదకి గడి లేదు. గడులు గీసింది నువ్వే."

 కొన్ని గుడారాల్లో మళ్లీ అడిగి సరిచూద్దామన్నాను. ఆయన ఒప్పుకున్నారు. తానే వస్తానన్నారు. ఆయన చెడ్డవాడు కాదని నువ్వు తెలుసుకోవాలి. చెడ్డవాడైతే నాకు తేలికగా ఉండేది.

రెండో విడతలో మీ తోట ఉండేలా చూశాను. అది కూడా చేయకూడని పనే. మీ మామగారితో మాట్లాడు. ఈసారి 'ఉంటాం' అని చెప్పమను. వేరే వివరాలేం అక్కర్లేదు. మిగతా గుడారాల వాళ్లకి కూడా ఆయన చేత చెప్పించు. నేను చెప్పమన్నానని మాత్రం తెలియకూడదు.

ముంతహా


ఘోర్,
ఫిబ్రవరి

అక్కా,

మామతో మాట్లాడమన్నావు. టమాటాలు కోస్తూ మాట్లాడాను, రొట్టె కాలుస్తూ మాట్లాడాను, ఆయన కాళ్లకి నూనె రాస్తూ మాట్లాడాను.

"మామా, మళ్లీ వస్తారట. ఈసారి ఉంటామని చెప్పు."

"ఎవరింట్లో?"

"ఇక్కడే."

"ఒకరి గడపలో కూర్చుని, నేను లేవను అనేవాణ్ని ఏమంటారో తెలుసా నీకు?"

"ఏమైనా అననీ. షాహెర్ కోసం."

"షాహెర్ కోసమే చెబుతున్నా. రేపు వాడు మీసం దువ్వుకుని నలుగురిలో కూర్చుంటే, వీడి తాత ఇల్లడుక్కుని ఉండిపోయాడు అనాలా?"

"మీసం దువ్వాలంటే ముందు మొహం మిగలాలి కదా మామా."

ఆ మాటకి రొట్టె వదిలేసి లేచి వెళ్లిపోయాడు. చాలాసేపటికి తిరిగొచ్చి అసలు సంగతి చెప్పాడు. ఇక్కడే ఉండిపోతామని కాగితం మీద రాయించుకున్నవాళ్ల పొలాలు అక్కడ వేరేవాళ్ల పేర ఎక్కిస్తున్నారని మసీదు దగ్గర ఎవరో అన్నారట. నిజమో కాదో చెప్పేవాళ్లు లేరు. ఊళ్లో మాకు మిగిలింది ఆ ఆలివ్ తోట ఒక్కటే. వెళ్తామంటే ఇక్కడివాళ్లు పంపేస్తారు. ఉంటామంటే అక్కడివాళ్లు లాక్కుంటారు. మధ్యలో నిలబడి ఏ మాట అనాలో నువ్వు చెప్పు, అదే నేర్చుకుంటాను.

"పోనీ నేను మాట్లాడతా మామా," అన్నాను.

"నేను పోయాక మాట్లాడుదువుగానీ," అన్నాడు.

తోట యజమాని అబూ ఖుతైబాకి కూడా విషయం తెలిసింది. బండి దిగుతూనే మామ మీద పడ్డాడు. "ఏం వాగారయ్యా మీరంతా వాళ్ల ముందు? మీరు పోతే నా కాయలు ఎవరు కోస్తారు, ఆ లెక్కలు రాసేవాళ్లు వచ్చి కోస్తారా?"

"నువ్వు ఉండమన్నావనే ఉన్నాం కదా," అన్నాడు మామ.

"నేను ఉండమంటే ఏం లాభం? నేనేమైనా సర్కారునా?"

ఇక నా మాట. మీ అధికారి ముందు 'మా అమ్మది హౌరాన్' అన్నావు. 'మా చెల్లెలు అక్కడ గుడారంలో ఉంది, కొడుకుని ఇవ్వనంటోంది' అని ఎందుకనలేదు? నన్నెవరూ అడగలేదని నీకు రాశాను. నువ్వైనా చెప్పొచ్చు కదా. మేం వచ్చిన మొదటి చలికాలం మీ ఇంట్లోనే ఉన్నాం. మామ వెళ్తానని లేచినప్పుడల్లా పెద్దమ్మ ఆయన చెప్పులు దాచేసేది. నువ్వే వాటిని ఎక్కడ దాచాలో ఆమెకి చూపించేదానివి.

ఫిద్దా


అమ్మాన్,
మార్చి

ఫిద్దా,

నీ చివరి మాటలకి జవాబు రాద్దామని కూర్చుని కాగితాలు చింపుతున్నాను.

చెబితే ఏమవుతుందో విను. నన్ను ఈ పని నుంచి తీసేస్తారు. అది నా సంగతి, వదిలెయ్. ఈ రెండో విడత నా చుట్టాల కోసం పెట్టించుకున్నానని దాన్ని రద్దు చేస్తారు. అప్పుడు మొదటి పట్టిక ఒక్కటే మిగులుతుంది. నేను నోరు మూసుకుంటేనే మీకు ఇంకోసారి నోరు తెరిచే వీలుంటుంది. ఈ వాదన నాకు అనుకూలంగా ఉందని నాకూ తెలుసు. అయినా అది అబద్ధం కాదు.

మంగళవారం వస్తాం. కనిపిస్తే పలకరించకు. షాహెర్‌కి కూడా చెప్పు. మీ గుడారానికి నేనే రావాలని చూస్తాను. ఒకవేళ దైఫుల్లా గారే వస్తే, తెర దాటి బయటికొచ్చి మాట్లాడు. మామగారు కోప్పడితే కోప్పడనీ.

ముంతహా


ఘోర్,
మార్చి

అక్కా,

నువ్వు మా గుడారం ముందునుంచి తల దించుకుని ఉమ్ వస్ఫీ వాళ్లింట్లోకి వెళ్లావు. నువ్వు చెప్పినట్టే పలకరించలేదు. షాహెర్ నోరు తెరవబోతే వాడి కాలు తొక్కాను. నువ్వు చిక్కిపోయావు.

మా దగ్గర ఏం జరిగిందో ఆయన నీకు చెప్పి ఉంటే తనకి తోచినట్టు చెప్పి ఉంటాడు. నేను చూసింది రాస్తున్నాను.

మీ దైఫుల్లా బూట్లు బయటే విప్పాడు. చాప మీద కాలు మడిచి సరిగ్గా కూర్చున్నాడు. ఆ కూర్చోవడం చూసి మామ మొహం విప్పారింది, మనవాడే అనుకున్నాడు. వాన గురించి, మేకల రోగం గురించి, తవుడు ధర గురించి మాట్లాడుకున్నారు. నేను కాఫీ పోసి తెర పక్కన నిలబడ్డాను. అప్పుడు మామని పేరుతో పిలిచి అడిగాడు.

"ఎంతకాలం ఉండాలనుకుంటున్నారు, అబూ సల్లూమ్?"

"బరువయ్యాం బాబూ. ఈ కోత అవగానే కదులుతాం."

అతను నోటిదాకా తీసుకెళ్లిన కప్పుని కింద పెట్టేశాడు. అడిగింది ఇస్తేగానీ తాగనని పట్టుపట్టే చుట్టం ఎలా పెడతాడో, అలా.

"ఆ మాట వెనక్కి తీసుకుంటేగానీ ఇది ముట్టను. ఈ నేల మీది. చుట్టాలం మేము."

మామ కళ్లు తుడుచుకున్నాడు. ఈ దేశానికొచ్చాక ఒక సర్కారు మనిషి ఆయనతో ఆ మాట అనడం ఇదే మొదలు. "నీ మాట కాదనలేను. కప్పు తియ్యి నాయనా. ఉంటాం," అన్నాడు.

అతను కప్పు తీసి పూర్తిగా తాగాడు. లేచి మామ భుజం మీద ముద్దు పెట్టాడు. మళ్లీ కూర్చుని కలం తీశాడు. కాగితం నాకు తలకిందులుగా ఉంది, అయినా చదవగలిగాను. వెళ్లిపోతారు అన్న గడిలో గీత పెట్టాడు.

నేను తెర దాటి వచ్చాను. "అయ్యా, మామ ఉంటామన్నాడు కదా."

"నేను పట్టుబడితే అన్నాడమ్మా. అడిగేవాడు నోట్లో పెట్టిన జవాబు లెక్కలోకి రాదు. తనంతట తాను మొదట అన్నదే రాయాలి. మా పనిలో అది నియమం."

"మరి కప్పు ఎందుకు కింద పెట్టారు?"

అతను నా వైపు తెల్లబోయి చూశాడు. "పెట్టకుండా ఎలా ఉంటాను?" అన్నాడు. వెటకారం కాదు అక్కా, నిజంగానే అన్నాడు.

"అయితే నా మాట రాసుకోండి. మేం వెళ్లం. నా కొడుకుని ఆ గేటు దాటనివ్వను."

"ఫిద్దా," అన్నాడు మామ.

"రాసుకుంటాను తల్లీ, రాసుకుంటాను," అన్నాడతను. కాగితం అడుగున 'ఇతర విషయాలు' అని ఉన్నచోట రాశాడు. షాహెర్ వయసు అడిగి మరీ రాశాడు. చక్కటి చేతిరాత. అక్కడ రాసింది ఎవరు చదువుతారు?

మామ నాతో మాట్లాడడం లేదు. అయినా హుషారుగా ఉన్నాడు. గట్టు మీద కనిపించిన ప్రతివాడికీ, "కప్పు కింద పెట్టేశాడయ్యా, ఉంటే తప్ప తాగనన్నాడు," అని చెబుతున్నాడు. కొందరు గుడారాల మీదికి కొత్త ప్లాస్టిక్ కూడా కొనుక్కున్నారు. ఆ గీత సంగతి నేనింకా ఎవరికీ చెప్పలేదు.

ఫిద్దా


అమ్మాన్,
ఏప్రిల్

ఫిద్దా,

'ఇతర విషయాలు' ఎవరూ చదవరు. కంప్యూటర్లోకి గడుల్లోవే ఎక్కిస్తారు. నీ మాట ఉన్న కాగితాన్ని నేను వెతికి తీసి చదివాను. నువ్వన్నది పొల్లు పోకుండా ఉంది.

ఉత్తర్వు వచ్చింది. నీకు వేరేవాళ్ల నోటినుంచి తెలిసేలోపే చెప్పాలని రాస్తున్నాను. లోయలో గుడారాల పర్మిట్లు కొనసాగించరు. పరిశోధనలో తేలిన ప్రకారం అక్కడివాళ్లలో ఎక్కువమంది తిరిగి వెళ్లాలని కోరుకుంటున్నారు కాబట్టి వాళ్ల కోరిక తీరేందుకు వీలు కల్పిస్తున్నామని మొదటి వాక్యంలోనే ఉంది. నెలాఖరుకి బస్సులు వస్తాయి. వెళ్తామన్న కుటుంబాల పేర్లు బస్సుల వారీగా రాసేశారు. మీరు మొదటి బస్సులో ఉన్నారు. ఎక్కనన్న వాళ్లని ఎడారిలో శిబిరానికి చేరుస్తారు. చుట్టూ కంచె ఉంటుంది, బయటికి రావాలంటే కాగితం కావాలి. అయినా అది సరిహద్దుకి ఇవతలే. కానీ షాహెర్ వయసు వాళ్లని శిబిరంలో ఎంతకాలం ఉంచుతారో అడిగితే ఎవరూ చెప్పడం లేదు.

ఉత్తర్వు చూశాక నేను దైఫుల్లా గారికి అంతా చెప్పేశాను. కాఫీ పోసినావిడ మా పిన్ని కూతురని, ముందే తెలుసని, 'ఉంటాం' అని చెప్పమని రాసింది నేనేనని. ఆయన లేచి తలుపు మూసి వచ్చారు.

"ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదు."

"చెప్పకు. నీ ఉద్యోగం సంగతి పక్కన పెట్టు. ఉంటామన్నవాళ్లు కొద్దిమందైనా ఉన్నారు. నీ మాట ఈ గది దాటితే వాళ్లందరికీ నువ్వే నేర్పావంటారు. వాళ్ల పేర్లు కూడా బస్సుల్లోకి ఎక్కుతాయి."

"మీరు కప్పు కింద పెట్టారట కదా, డాక్టర్."

 "ఆ ముసలాయన మంచివాడు," అన్నారాయన. "నాతో ఇంకేం రాయించగలవు చెప్పు, రాస్తాను. ఏ గడిలో రాయను?"

నీకు ఏం చెయ్యమని చెప్పాలో నాకు తెలియడం లేదు. శిబిరం నయమనిపిస్తుంది, మరుక్షణం కాదనిపిస్తుంది. మా ఇంటికి రమ్మనలేను. మా వీధిలో పోలీసులు ఇల్లిల్లూ తిరిగి కార్డులు చూస్తున్నారు, దొరికితే అక్కడినుంచే బస్సెక్కిస్తారు. రమ్మని రాయలేక ఇది రాస్తున్నానని నువ్వు నమ్మాలి.

ముంతహా


(చోటు రాయడం లేదు)
మే

అక్కా,

బస్సులకి ముందురోజు పొద్దున్నే లేచి వచ్చేశాం. ఎక్కడికని అబూ ఉమైర్‌ని అడగకు. నువ్వడిగితే చెప్పేస్తాడు, అంత మంచివాడు. చెబితే నీకు తెలుస్తుంది, నీకు తెలిస్తే ఎవరైనా అడిగినప్పుడు నువ్వు అబద్ధమాడాలి.

వేరే తోట. ఇక్కడ గుడారం వెయ్యనివ్వరు, పైనుంచి చూస్తే కనిపిస్తుందని. వాడకం మానేసిన ప్లాస్టిక్ పందిరిలో ఉంటున్నాం. పాత ఎరువు వాసన. మధ్యాహ్నం ఆ ప్లాస్టిక్ కింద ఊపిరాడదు, అయినా చీకటి పడేదాకా బయటికి రాకూడదని ఈ యజమాని షరతు. కూలి సగమే. ఎక్కడికీ పోలేమని అతనికి తెలుసు. "నేను దయతో పెట్టుకున్నా," అంటాడు. అవునంటాం.

ఉమ్ వస్ఫీ వాళ్లు బస్సెక్కారు. మేం బయల్దేరేటప్పుడు నాతో అంది, "రేపని నేనే అన్నాగా ఫిద్దా. మాట పోగొట్టుకోవడం ఎందుకు." నవ్వుదామనుకుంది, నవ్వలేకపోయింది. ఆమెకి వయసొచ్చిన కొడుకుల్లేరు, అది నయం.

ఆ గీత సంగతి మామకి బయల్దేరే ముందు చెప్పాల్సొచ్చింది. నమ్మలేదు. "కాఫీ తాగినవాడు అలా చెయ్యడు," అన్నాడు. ఇంకా నమ్మడం లేదు, అతని కింద పనిచేసేవాళ్లెవరో మార్చేశారంటాడు. నేనిక వాదించడం లేదు.

మామకి ఇక్కడ ఒక్క పని చేతకావడం లేదు. మనిషి అలికిడైతే దాక్కోవాలి. మొన్న మందులు కొట్టేవాడెవడో దారి తప్పి పందిరి దగ్గరికొచ్చాడు. మేమంతా నేలకి కరుచుకున్నాం. మామ లేచి నిలబడ్డాడు. పరాయివాడు గుమ్మం ముందు నిలబడితే లోపల కూర్చోవడం ఆయన వల్ల కాలేదు. షాహెర్ ఆయన నడుం పట్టుకుని కిందికి లాగి, నోరు మూసి పట్టుకున్నాడు. ఆ మనిషి వెళ్లిపోయాక కూడా కాసేపు వదల్లేదు. ఆ తర్వాత నుంచి తాతామనవలు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు.

షాహెర్ రోడ్డు దాకా కూడా వెళ్లడు. పందిరి ఈ చివర నుంచి ఆ చివరికి నడుస్తుంటాడు. వచ్చే నెలలో వాడికి పద్దెనిమిది. గేటు దాటలేదు, అంతవరకు నా మాట నెగ్గింది.

నువ్వు రమ్మనలేదని నాకు కోపం లేదు. వీలున్నప్పుడు రాస్తాను.

ఫిద్దా


అమ్మాన్,
సెప్టెంబర్

ఫిద్దా,

అబూ ఉమైర్‌ని నేనేమీ అడగలేదు. ఈ ఉత్తరం నీకు చేరితే చేరుతుంది.

ఉత్తర్వు ఎలా పనిచేసిందో చూడమని మమ్మల్ని మళ్లీ లోయకి పంపారు. తెల్ల బూట్ల అమ్మాయి, నేను వెళ్లాం. ఈసారి తను గట్టు మీదే నడిచింది. మీ గుడారాలున్న చోట దున్నేశారు. ఎక్కడ చూసినా అంతే. బస్సుల్లో ఎక్కినవాళ్ల సంఖ్య, వెళ్తామన్నవాళ్ల సంఖ్యలో సగం కూడా లేదు. మిగతావాళ్లు ఏమయ్యారని తోటల వాళ్లని అడిగితే, "వెళ్లిపోయారు," అన్నారు. అబూ ఖుతైబా నావైపు చూడకుండా అన్నాడు.

నివేదిక తయారైంది. లోయలో గుడారాలు లేవు కాబట్టి అందరూ వెళ్లినట్టే అన్నారు. బస్సుకోసం ఆగకుండా సొంతంగా వెళ్లినవాళ్లే ఎక్కువని రాశారు, తిరిగి వెళ్లాలన్న వాళ్ల కోరిక అంత బలంగా ఉందనడానికి ఇదే సాక్ష్యమని కూడా రాశారు. జనవరిలో మేం వేసిన అంచనా నిజమైందని మా విభాగానికి ప్రశంసా పత్రం వచ్చింది. వచ్చే నెల ఉత్తరాన ఇంకో జిల్లాలో ఇవే ప్రశ్నలు అడుగుతారు. ఎంతకాలం ఉంటారన్న ఆ ఒక్క ప్రశ్నైనా మార్చమన్నాను. సరిగ్గా పనిచేసిన ప్రశ్నని ఎందుకు మార్చాలని అడిగారు.

నివేదిక మీద ప్రశ్నలు రాసినవాళ్ల సంతకం కూడా ఉండాలి. దైఫుల్లా గారు నా బల్ల దగ్గరికి తానే తెచ్చారు. 

"ఇది తప్పని నీకు తెలిస్తే రాయి," అన్నారు. "పక్కన పెట్టి మళ్లీ విచారిస్తారు. వాళ్లు వెళ్లకపోతే ఎక్కడున్నారని నిన్నే అడుగుతారు. ఆ తర్వాత వెతుకుతారు."

కలం తీసుకున్నాను. ఆయన కిటికీ వైపు తిరిగారు.

సంతకం పెట్టాను ఫిద్దా. ఉత్తరాన ఇంకెంతమంది ముసలివాళ్లు మర్యాదకి ఆ మాట అంటారో తెలిసే పెట్టాను. మా లెక్కలో నువ్వు, మామగారు ఊరు చేరుకున్నారు. షాహెర్ కూడా గేటు దాటేశాడు. దాటినవాణ్ని ఇక్కడ ఎవరూ వెతకరు.

ముంతహా